ఖాతా ఎవరి చేతిలో ఉంది?

గద్వాల, వనపర్తి, నారాయణపేట. ఉమ్మడి పాలమూరు జిల్లాలోని ఈ మూడు చోట్లా ఒకప్పుడు నాణేలు కొట్టేవారు. ఒకచోటి రూపాయి ఇంకోచోట అదే విలువకు చెల్లేది కాదు. సరాఫు దాన్ని తిప్పి చూసి, మోగించి విని, వట్టం పట్టుకుని మిగతాది చేతిలో పెట్టేవాడు. మొదటి సాలార్‌జంగ్ దివానుగా ఉన్న కాలంలో జిల్లాల్లోని టంకశాలలు మూతబడి ముద్రణంతా హైదరాబాద్‌కు చేరింది. అక్కడ ముద్రించిన హాలీ సిక్కాకూ రోజులు చెల్లాయి. హైదరాబాద్ రాజ్యం భారత యూనియన్‌లో కలిశాక ఏడు హాలీ రూపాయలకు ఆరు భారత రూపాయల చొప్పున రెండూ కొన్నేళ్లు పక్కపక్కన నడిచాయి. 1959లో హాలీ పూర్తిగా రద్దయింది. వందేళ్లలో ఇన్ని డబ్బులు చూసిన పాలమూరు, నల్లగొండ రైతును ఏ మార్పుకు ముందూ ఎవరూ ‘నీకు సమ్మతమేనా’ అని అడగలేదు.

సతోషీ నకమోటో అనే పేరుతో 2008 అక్టోబర్ 31న వెలువడిన బిట్‌కాయిన్ పత్రం ఆశ పుట్టించింది ఇక్కడే. మధ్యలో బ్యాంకు లేని డబ్బు, అందరి దగ్గరా ఒక్కో నకలు ఉండే లెక్కల పుస్తకం, వాడేవాళ్లే కాపలా కాసే నిబంధనలు. 2009 జనవరి 3న మొదటి బ్లాకు పడింది. ఆ తర్వాత ఆ లోకంలో నడిచిన పెద్ద తగాదాలన్నీ చివరికి మూడు ప్రశ్నల దగ్గరికే వచ్చాయి. నిబంధన మార్చాలని కొందరు, వద్దని కొందరు పట్టుబడితే ఎవరు విడిపోవాలి? చర్చా వేదిక మీద ఎవరి మాట ఉంచాలి, ఎవరి మాట తీసేయాలి? పుస్తకం అందరికీ తెరిచి ఉంటే మనిషి గుట్టు ఏమైపోతుంది?

ఇదంతా అమెరికా, చైనా ఇంజినీర్ల గొడవ, మనకెందుకు అనిపించవచ్చు. కానీ 2018 ఆగస్టులోనే హైదరాబాద్‌లో అంతర్జాతీయ బ్లాక్‌చెయిన్ సదస్సు జరిగింది. ‘బ్లాక్‌చెయిన్ డిస్ట్రిక్ట్’ కోసం తెలంగాణ ప్రభుత్వం టెక్ మహీంద్రాతో ఒప్పందం కుదుర్చుకుంది. చిట్‌ఫండ్ల మీద నిఘాకు ‘టీ-చిట్స్’ పేరుతో బ్లాక్‌చెయిన్ వేదిక తెచ్చింది. ఇక మిర్యాలగూడలో, సూర్యాపేటలో, జడ్చర్లలో ఫోన్‌లో కాయిన్లు కొనే కుర్రాళ్లున్నారు. వాళ్లకన్నా ఎక్కువగా, కాయిన్ పేరు చెప్పి నడిపిన గొలుసుకట్టు పథకాల్లో చేతులు కాల్చుకున్న కుటుంబాలున్నాయి. ఆ తగాదాల్లో తేలిన సంగతులు వీళ్ల జేబుకు నేరుగా తగులుతాయి కాబట్టే ఈ సమీక్ష.

చీలిక అంటే ఏమిటో ముందు చూద్దాం. ఊళ్లో ఇరవై మంది కలిసి ఒక చిట్టీ వేశారనుకోండి. పుస్తకం ఒక్క నిర్వాహకుడి దగ్గర కాకుండా ఇరవై మంది దగ్గరా ఒక్కో నకలు ఉంది, ప్రతి నెలా అందరూ ఒకే లెక్క రాసుకుంటున్నారు. ఒకనాడు పాట నిబంధన మార్చాలని పన్నెండు మంది, కుదరదని ఎనిమిది మంది పట్టుబట్టారు. ఆ నెల నుంచి పన్నెండు మంది ఒక లెక్క, ఎనిమిది మంది ఇంకో లెక్క రాయడం మొదలుపెడతారు. ఆనాటి వరకు ఉన్న పేజీలు రెండు పుస్తకాల్లోనూ ఒకటే. కాబట్టి పాత సభ్యుడి పేరు, వాటా రెండింట్లోనూ ఉంటాయి. వాటిలో ఏ చిట్టీకి విలువ నిలుస్తుందన్నది ఎంతమంది దేన్ని నమ్మి కొనసాగుతారన్నదాన్ని బట్టి తేలుతుంది. క్రిప్టో భాషలో దీన్నే హార్డ్ ఫోర్క్ అంటారు.

బిట్‌కాయిన్‌లో వచ్చిన అతి పెద్ద చీలిక పేజీ సైజు మీద వచ్చింది. సుమారు పది నిమిషాలకు ఒక పేజీ, అంటే ఒక బ్లాకు, చొప్పున లావాదేవీలు నమోదవుతాయి. ఆ బ్లాకుకు 2010లో సతోషీ 1 మెగాబైట్ హద్దు పెట్టాడు. దాంతో సెకనుకు ఏడు లావాదేవీలు దాటడమే కష్టం. వాడకం పెరిగేకొద్దీ రద్దీ, రద్దీతో పాటు రుసుము. హద్దు పెంచితే చాలదా అన్నది ఒక వర్గం. సతోషీ తప్పుకుంటూ పగ్గాలు అప్పగించిన గావిన్ ఆండ్రెసన్, గూగుల్‌లో పనిచేసి వచ్చిన మైక్ హెర్న్ ఈ పక్షం. 8 మెగాబైట్లతో మొదలుపెట్టి పెంచుకుంటూ పోయే ‘బిట్‌కాయిన్ ఎక్స్‌టీ’ని 2015 ఆగస్టులో వాళ్లు విడుదల చేశారు. పుస్తకం బరువెక్కితే మామూలు మనిషి తన కంప్యూటర్‌లో నకలు ఉంచుకోలేడు, చివరికి నాలుగు పెద్ద కంపెనీల దగ్గరే మిగులుతుంది, అప్పుడది ఇంకో బ్యాంకే అవుతుంది అన్నది ఎదుటి వర్గం. రెండు వాదాల్లోనూ పస ఉంది. ఆ గొడవ రెండేళ్లు సాగడానికి కారణం అదే.

2017 మే 23న న్యూయార్క్‌లో 58 కంపెనీలు ఒక ఒప్పందం రాసుకున్నాయి: ముందు సెగ్విట్ అనే మార్పు (లావాదేవీ సంతకాలను విడిగా పెట్టి బ్లాకులో చోటు మిగిల్చేది), తర్వాత బ్లాకు రెండింతలు. కొత్త బ్లాకులు చేర్చే మైనింగ్ కంప్యూటర్ల బలంలో 83 శాతం పైగా తమ వెనకే ఉందని ప్రకటించాయి. బలాబలాలు చూస్తే అక్కడితో కథ ముగియాలి. ముగియలేదు. సొంతంగా నోడ్, అంటే పుస్తకం నకలు, నడుపుకునే మామూలు వాడకందారులు అప్పటికే ఆగస్టు 1ని గడువుగా పెట్టి, సెగ్విట్‌కు ఒప్పుకోని బ్లాకులను తిరస్కరిస్తామన్నారు. అదే రోజున పెద్ద బ్లాకుల వర్గం విడిపోయి ‘బిట్‌కాయిన్ క్యాష్’ పెట్టుకుంది. పాత బ్లాకుల గొలుసులో సెగ్విట్ మార్పు ఆగస్టు 24న అమల్లోకి వచ్చింది. న్యూయార్క్ ఒప్పందంలో మిగిలిన రెండో సగాన్ని, అంటే బ్లాకును రెండింతలు చేయడాన్ని, నవంబర్ 8న దాని కర్తలే విరమించుకున్నారు. గదిలో కూర్చుని పెద్దలు కుదుర్చుకున్న ఒప్పందం, ఇళ్లలో నకలు పెట్టుకున్న వాళ్ల ముందు నిలవలేదు. ఈ చరిత్రలో నాకు అన్నిటికన్నా విలువైనదిగా తోచే సంఘటన ఇది.

గెలుపుకు చెల్లించిన ధర కూడా చెప్పాలి. అదే ఏడాది డిసెంబర్‌లో ఒక్క లావాదేవీకి సగటు రుసుము 50 డాలర్లు దాటిన రోజులున్నాయి. ముంబయి కట్టడాల దగ్గర పనిచేస్తూ నారాయణపేటలో ముసలి తల్లికి రెండు వేలు పంపుకునే పాలమూరు కూలీకి ఆ డబ్బు ఎందుకూ పనికిరాలేదు. 2016లో మొదలైన యూపీఐ అదే పనిని పైసా రుసుము లేకుండా చేసింది. చిన్న మనిషి పేరు చెప్పి నడిచిన ఆ పోరులో రెండు పక్షాలూ ఆ చిన్న మనిషిని మరిచాయి. విడిపోయిన బిట్‌కాయిన్ క్యాష్ కూడా ఎక్కువ కాలం ఒక్కటిగా నిలవలేదు. 2018 నవంబర్ 15న మళ్లీ చీలి ‘బిట్‌కాయిన్ ఎస్‌వీ’ పుట్టింది. దాని వెనక నిలిచి తానే సతోషీనని చెప్పుకున్న క్రెయిగ్ రైట్ మాట అబద్ధమని లండన్ హైకోర్టు 2024 మార్చిలో తేల్చింది. 2023 నుంచి బ్లాకుల్లో బొమ్మలు, రాతలు చొప్పించడం మీద పుట్టిన పేచీ 2025 అక్టోబర్‌లో ప్రధాన సాఫ్ట్‌వేర్ అయిన బిట్‌కాయిన్ కోర్ 30వ వెర్షన్‌తో మరోసారి రాజుకుంది. పేరు మారినా వాదం పాతదే: ఆ పుస్తకం దేనికి, ఎవరి కోసం?

బ్లాకు సైజు మీద రెండేళ్లు సాగిన ఆ పోరుకు పక్కనే ఇంకో పోరు నడిచింది. అది మాట్లాడే హక్కు మీద. 2015 ఆగస్టులో, రెడిట్‌లోని ప్రధాన బిట్‌కాయిన్ వేదికను, పాత చర్చా వేదిక బిట్‌కాయిన్‌టాక్‌ను నడిపే ‘థేమోస్’ అనే నిర్వాహకుడు ఎక్స్‌టీని ప్రోత్సహించే రాతలు పెట్టకూడదన్నాడు. అందరి ఒప్పుదల లేకుండా నిబంధన మార్చే సాఫ్ట్‌వేర్ బిట్‌కాయినే కాదు, కాబట్టి దాని ప్రస్తావన ఈ వేదికకు సంబంధించినది కాదు అన్నది అతని వాదం. పదిమందిలో తొమ్మిది మందికి ఈ పద్ధతి నచ్చకపోతే ఆ తొమ్మిది మందే వెళ్లిపోవాలన్న అర్థం వచ్చేలా కూడా రాశాడు. వాళ్లు వెళ్లిపోయారు. పక్కనే ఇంకో వేదిక పెట్టుకుని రోజంతా మొదటి వేదికను తిట్టడం మొదలుపెట్టారు. అప్పటి నుంచి రెండు గుంపులూ ఎదుటివాళ్ల మాటను ఎదుటివాళ్ల నోట వినడం మానేశాయి.

థేమోస్ వాదంలో ఒక నిజముంది. అబద్ధపు సాఫ్ట్‌వేర్‌ను, దొంగ వాలెట్‌ను నిజమైనదని నమ్మించేవాళ్లతో ఆ లోకం నిండి ఉంది. కాపలా లేని వేదిక రెండు రోజుల్లో మోసగాళ్ల సంత అవుతుంది. అయినా అతను గీసిన గీత తప్పు చోట పడింది. డబ్బు కాజేసే లంకెను తీసేయడం ఒక పని, నిబంధన మారాలన్న అభిప్రాయాన్ని తీసేయడం వేరే పని. ‘అందరి ఒప్పుదల’ వస్తే తప్ప చర్చించకూడదంటే, చర్చ లేకుండా ఆ ఒప్పుదల ఎక్కడి నుంచి వస్తుంది? ఈ ప్రశ్నకు ఆ రోజుల్లో ఇచ్చిన జవాబుల్లో ఒక్కటీ నాకు సరిపోయినట్టు అనిపించలేదు.

ఇదే సంగతి మన జిల్లాల్లో ఎలా నడుస్తుందో దగ్గరగా చూడాలి. ఇక్కడ ‘కమ్యూనిటీ’ అంటే వాట్సాప్ గ్రూపు, లేదా టెలిగ్రామ్ చానల్. తెలిసినవాళ్లే చేరుస్తారు. బావమరిదో, బడి పంతులో, పాత స్నేహితుడో. ఫంక్షన్ హాల్లో మీటింగ్ పెడతారు. ‘ఐడీ వేస్తే’ రోజూ ఇంత శాతం, కింద ఇద్దరిని పెడితే జోడీ ఇన్‌కమ్, ఆ పైన లెవెల్ ఇన్‌కమ్. యాప్ తెరిస్తే కాయిన్ ధర పచ్చ గీత మీద పైకే పోతుంటుంది. మొదటి నెలల్లో కొంత డబ్బు ఖాతాలో పడుతుంది కూడా. ఆ స్క్రీన్‌షాట్లే గ్రూపులో తిరుగుతాయి. ఒకనాడు విత్‌డ్రా ఆగుతుంది. ‘సర్వర్ అప్‌గ్రేడ్’, ‘కేవైసీ వెరిఫికేషన్’, ‘కొత్త వెర్షన్‌కు మైగ్రేషన్’ అంటారు. ఎవరో ఒకరు గ్రూపులోనే అడుగుతారు: ‘అన్నా, నా పైసలు ఎప్పుడొస్తయి?’ పది నిమిషాల్లో ఆ మెసేజ్ కనిపించదు. సాయంత్రానికి అడిగినవాడి నంబరూ గ్రూపులో ఉండదు. మర్నాటికి సెట్టింగు మారి అడ్మిన్లు మాత్రమే రాయగలిగేలా అవుతుంది. మిగిలినవాళ్లు అడగరు. అడిగితే తామూ పోతామని, తాము చేర్చిన చుట్టాలకు జవాబు చెప్పాల్సి వస్తుందని.

నిర్మల్‌లో యూబిట్ కాయిన్ పేరుతో నడిచిన ఇలాంటి వ్యవహారంలో 2024లో పోలీసులు అరెస్టు చేసినవాళ్లలో ప్రభుత్వ ఉపాధ్యాయులున్నారు. ఊరు గౌరవించే మనిషి చెబితే నమ్మడం మన దగ్గర సహజం, మోసగాడు పెట్టుబడి పెట్టేది ఆ గౌరవం మీదే.

థేమోస్ వేదికకూ ఈ గ్రూపుకూ తేడా ఎక్కడుంది? అక్కడ గెంటేసినా మనిషి దగ్గర తన పుస్తకం నకలు, తన కాయిన్ల తాళంచెవి ఉన్నాయి. నచ్చకపోతే తన కాయిన్లతో సహా విడిపోయి ఇంకో గొలుసు మొదలుపెట్టగలడు, పెట్టారు కూడా. ఇక్కడ గెంటేస్తే మిగిలేది ఫోన్‌లో తెరుచుకోని ఒక యాప్. ఆ కాయిన్‌కు బయట చూడగలిగే పుస్తకమే లేదు, ఉన్నదల్లా నిర్వాహకుడి కంప్యూటర్‌లోని అంకె. బిట్‌కాయిన్ లోకం చీలికలతో పరువు పోగొట్టుకుందని చాలామంది రాశారు. నేను అలా అనుకోను. చీలిపోగలగడమే అది నిజమైనదనడానికి ఆనవాలు. మీరు చేరిన పథకం రేపు రెండుగా చీలాలంటే కుదురుతుందా అని అడిగి చూడండి. ఆ ప్రశ్నకే నవ్వితే ఆ పథకంలో మీది అంటూ ఏమీ లేదు.

మొదటి ప్రశ్నకే ఇంకో రూపమైన, రాసిన లెక్క తప్పయితే దిద్దాలా వద్దా అన్న తగాదా దగ్గరికి వస్తే, దాన్ని అర్థం చేసుకోవడానికి మనకు మనదైన అనుభవమే ఉంది. ముందు వాళ్ల కథ. 2016 వసంతంలో ఎథీరియం అనే ఇంకో గొలుసు మీద ‘ది డావో’ అనే ఉమ్మడి పెట్టుబడి నిధి, సుమారు 15 కోట్ల డాలర్ల విలువైన ఈథర్ (ఆ గొలుసు కాయిన్) పోగుచేసింది. నిర్వాహకులు లేరు, కోడ్ చెప్పిందే చట్టం అన్నారు. జూన్ 17న ఆ కోడ్‌లోని లొసుగు పట్టుకుని ఒకరు 36 లక్షల ఈథర్‌ను మళ్లించుకున్నారు. కోడ్ ఒప్పుకుంది కాబట్టి అది దొంగతనం ఎలా అవుతుందని కొందరు, దొంగతనం కళ్ల ముందు కనిపిస్తుంటే కోడ్ పేరు చెప్పి చేతులు కట్టుకోవడమేమిటని కొందరు. జూలై 20న 19,20,000వ బ్లాకు దగ్గర పుస్తకాన్ని దిద్ది డబ్బు వెనక్కి ఇచ్చేశారు. దిద్దడానికి ఒప్పుకోనివాళ్లు దిద్దని పుస్తకంతోనే ‘ఎథీరియం క్లాసిక్’గా మిగిలారు. సూత్రం కోసం నిలబడ్డ ఆ చిన్న గొలుసుకు కాపలా బలం చాలక 2019 జనవరిలో ఒకసారి, 2020 ఆగస్టులో పదేపదే, సగానికి పైగా మైనింగ్ బలంతో లెక్క తిరగరాసే 51 శాతం దాడులు జరిగాయి.

అక్కడితో అయిపోతే దిద్దినవాళ్లదే న్యాయం అనేయొచ్చు. 2017 నవంబర్‌లో పారిటీ అనే వాలెట్‌లోని లోపం వల్ల 5 లక్షల పైచిలుకు ఈథర్ శాశ్వతంగా బిగుసుకుపోయింది. దాన్నీ విడిపించమని 2018లో ప్రతిపాదన పెడితే అదే సమాజం కాదంది. మొదటిసారి నష్టపోయినవాళ్లు చాలామంది, వాళ్లలో ఎథీరియం పెద్దలకు దగ్గరివాళ్లున్నారు. రెండోసారి అంతమంది లేరు. దిద్దుబాటు అవసరాన్ని ఒప్పుకున్నాక, అది ఏ దారిలో, ఎవరు అడిగితే, ఏ గడువులో అన్నది ముందే రాసి ఉంచకపోతే పలుకుబడి ఉన్నవాడి తప్పులే దిద్దబడతాయి.

నల్లగొండ, పాలమూరు రైతులకు ఇది కొత్త సంగతి కాదు. 2017 సెప్టెంబర్ నుంచి డిసెంబర్ దాకా భూ రికార్డుల ప్రక్షాళన జరిగింది. ఆ తర్వాత 2020 అక్టోబర్ 29న ఆన్‌లైన్ భూ రికార్డుల పోర్టల్ ధరణి వచ్చింది. కొత్త చట్టం తహసీల్దారు చేతిలోంచి దిద్దే అధికారాన్ని తీసేసింది. అవినీతికి అడ్డుకట్ట అని చెప్పిన ఆ మాటలో నిజం లేకపోలేదు, తహసీల్దారు కార్యాలయాల్లో ఏం జరిగేదో రైతుకు తెలుసు. కానీ తప్పుగా ఎక్కినదాన్ని దిద్దించుకునే దారిని కూడా దాంతో పాటే మూసేశారు. సర్వే నంబరులో ఒక అంకె తప్పు పడ్డవాడు, అన్నదమ్ముల వాటా ఒకరి పేరునే ఎక్కినవాడు, ఇరవై గుంటలు తగ్గి పాసుపుస్తకం వచ్చినవాడు, వివాదాస్పద భూముల జాబితా పార్ట్-బీలో చిక్కుకున్నవాడు, అందరికీ ఒకటే జవాబు: ‘ఆన్‌లైన్‌లో ఆప్షన్ లేదు.’ సివిల్ కోర్టుకు పొమ్మన్నారు. 2025 ఏప్రిల్ 14న అమల్లోకి వచ్చిన భూభారతి చట్టం ఆర్డీవో, కలెక్టర్ స్థాయిలో అప్పీలును మళ్లీ తెచ్చింది. ప్రయోగాత్మకంగా ఎంచుకున్న నాలుగు మండలాల్లో నారాయణపేట జిల్లా మద్దూరు ఒకటి. కోడ్ చెప్పిందే చట్టం అన్నవాళ్లు ‘ఆప్షన్ లేదు’ అన్న మాట విన్న రైతు ముఖం ఒక్కసారి చూడాల్సింది. అలాగే, ఏ రాత్రి ఎవరు ఏ పేరు మార్చారో తెలియని రికార్డు చేతికి చిక్కినవాడు, మార్చితే అందరికీ కనిపించే పుస్తకం కావాలనడంలోనూ తప్పు లేదు. దిద్దే దారి ఉండాలి, దిద్దినట్టు చెరగని ఆనవాలూ ఉండాలి. బ్లాక్‌చెయిన్ సాంకేతికత రెండోదాన్ని బాగా ఇస్తుంది, మొదటిది మనుషులు కూర్చుని రాసుకోవాల్సిందే.

పుస్తకం నకలు తన దగ్గర ఉన్నవాడికే మాట చెల్లుతుందన్నాను. మన దగ్గర కాయిన్లు కొన్నవాళ్లలో నోడ్ నడిపేవాళ్లు అరుదు. సొంత వాలెట్ ఉన్నవాళ్లూ తక్కువే, అంతా కాయిన్లు కొని అమ్మే ఎక్స్ఛేంజీ యాప్‌లోనే. దీని అర్థమేమిటో 2020లో స్టీమ్ అనే గొలుసు మీద బయటపడింది. దాని వెనకున్న స్టీమిట్ కంపెనీని కొన్న జస్టిన్ సన్‌కూ పాత సభ్యులకూ తగవు ముదిరినప్పుడు, పెద్ద ఎక్స్ఛేంజీలు తమ దగ్గర ఖాతాదారులు దాచుకున్న కాయిన్లతోనే సన్ పక్షాన ఓటేశాయి. ఖాతాదారులను అడగలేదు. పాత సభ్యులు ఆ ఏడాది మార్చి 20న విడిపోయి ‘హైవ్’ పెట్టుకున్నారు. చీలిక వచ్చినప్పుడు కొత్త కాయిన్ ఖాతాదారుడికి ఇవ్వాలా వద్దా, ఎప్పుడివ్వాలి అన్నదీ ఎక్స్ఛేంజీ దయే. 2017 ఆగస్టులో పుట్టిన బిట్‌కాయిన్ క్యాష్‌ను కాయిన్‌బేస్ తన ఖాతాదారులకు డిసెంబర్‌లో గానీ ఇవ్వలేదు.

మనకు ఇంకా దగ్గరి ఉదాహరణ మన దేశపు ఎక్స్ఛేంజీ వజీర్‌ఎక్స్. 2024 జూలై 18న దాని వాలెట్ నుంచి 23 కోట్ల డాలర్లు, అంటే రమారమి రెండు వేల కోట్ల రూపాయల విలువైన కాయిన్లు పోయాయి. ఆ దొంగతనం ఉత్తర కొరియా హ్యాకర్ల పని అని అమెరికా, జపాన్, దక్షిణ కొరియా 2025 జనవరిలో కలిసి ప్రకటించాయి. పది రోజులు తిరక్కముందే కంపెనీ ఒక ఓటింగ్ పెట్టింది. నష్టాన్ని అందరికీ పంచుతాం, ఎవరి కాయిన్ ఏదైనా 55 శాతం చేతికి, 45 శాతం పెండింగ్. పోయిన కాయిన్లు ఒక రకం, తన దగ్గర ఉన్నవి ఇంకో రకం అయినవాడు కూడా కోత భరించాలట. గగ్గోలు పుట్టాక కంపెనీ వెనక్కి తగ్గింది. వ్యవహారం సింగపూర్ కోర్టుకు పోయి, ఖాతాదారుల ఓట్లు, కోర్టు ఆమోదం అయ్యి, 2025 అక్టోబర్‌లో గానీ లావాదేవీలు మళ్లీ మొదలవలేదు. పదిహేను నెలలు జనం డబ్బు బిగుసుకుపోయింది. బ్యాంకు లేని డబ్బు కొన్నామనుకున్నవాళ్లు, డిపాజిట్ బీమా కూడా లేని బ్యాంకులో వేసినట్టయింది.

ఇక గుట్టు. బిట్‌కాయిన్ రహస్యమైన డబ్బని మన దగ్గర గట్టి నమ్మకం. అది తప్పు. ప్రతి లావాదేవీ అందరికీ కనిపిస్తుంది, పేరు బదులు ఒక చిరునామా ఉంటుంది, అంతే. ఎక్స్ఛేంజీలో పాన్, ఆధార్ ఇచ్చిన రోజునే ఆ చిరునామాకు పేరు అంటుకుంటుంది. 2022 జూలై 1 నుంచి అమ్మకాల మీద 1 శాతం టీడీఎస్ కోస్తున్నారు. లాభం మీద 30 శాతం పన్ను, ఒక కాయిన్‌లో పోయినది ఇంకో కాయిన్ లాభంలో తీసివేయడానికి వీల్లేదు. 2023 మార్చి నుంచి ఎక్స్ఛేంజీలు మనీ లాండరింగ్ నిరోధక చట్టం కిందికి వచ్చాయి. సర్కారుకు తెలియకుండా దాచుకుందామని కొన్నవాడు సర్కారుకే ముందు తెలిసిపోయే చోట కొన్నాడు.

గుట్టు కోసమే పుట్టినవి మొనేరో, జీక్యాష్ లాంటివి. 2014లో మొదలైన మొనేరోలో పంపినవాడు, అందుకున్నవాడు, మొత్తం, మూడూ కప్పి ఉంటాయి. 2024 ఫిబ్రవరిలో బైనాన్స్ ఎక్స్ఛేంజీ దాన్ని తొలగించింది. ఎథీరియం మీద డబ్బు ఆనవాలు చెరిపే టోర్నడో క్యాష్‌ను 2022 ఆగస్టులో అమెరికా నిషేధ జాబితాలో పెట్టింది. 2024 నవంబర్‌లో అక్కడి అప్పీలు కోర్టు అది అధికార పరిధి దాటడమేనంది, 2025 మార్చిలో నిషేధం ఎత్తేశారు. కోడ్ రాసినవాళ్లకు మాత్రం ఊరట దక్కలేదు. ఒకరికి నెదర్లాండ్స్‌లో 64 నెలల శిక్ష పడింది, ఇంకొకరిని న్యూయార్క్ జ్యూరీ ఒక అభియోగంలో దోషి అంది. ఉత్తర కొరియా దొంగ సొమ్ము ఆ గొట్టం గుండా పోయిన మాట నిజం. తన ఆదాయం లోకానికి తెలియకూడదనుకున్న మామూలు మనుషులు దాన్ని వాడిన మాటా నిజం.

దాచుకోవడం దొంగలకే కావాలన్న మాట నేను ఒప్పుకోను. 2016 నవంబర్ 8న పెద్ద నోట్లు రద్దయినప్పుడు, తాగే భర్తకు కనపడకుండా పిల్లల చదువు కోసం ఆడవాళ్లు కూడబెట్టుకున్న నోట్లు ఎన్ని ఇళ్లలో బయటపడ్డాయో మనకు తెలుసు. భూమి అమ్మినట్టు తెలిస్తే అప్పులవాళ్లు, చుట్టాలు, పథకాల ఏజెంట్లు వరసకట్టే ఊళ్లు మనవి. కాయిన్ల వాలెట్ పరికరాలమ్మే లెడ్జర్ కంపెనీ నుంచి చోరీ అయిన ఖాతాదారుల ఇంటి చిరునామాలు 2020లో నెట్‌లోకెక్కాయి, వాళ్లకు బెదిరింపులు వచ్చాయి. ఆ కంపెనీ సహ వ్యవస్థాపకుడినే 2025 జనవరిలో ఫ్రాన్స్‌లో ఇంటి నుంచి ఎత్తుకుపోయారు. ఎవరి దగ్గర ఎంత ఉందో అందరికీ తెలియడం ప్రాణం మీదికి కూడా తెస్తుంది. బిట్‌కాయిన్‌లో సెగ్విట్ అమల్లోకి వచ్చిన 2017 ఆగస్టు 24నే, మన సుప్రీంకోర్టు తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం పుట్టస్వామి కేసులో గోప్యత ప్రాథమిక హక్కని తీర్పు చెప్పింది. ఆ తీర్పు ధనవంతుడికీ, దినకూలీకీ ఒకటే.

కానీ గుట్టుకు కూడా పైవాడు, కిందివాడు ఉంటారు. ధరణిలో పట్టాదారు తన భూమి వివరాలు ఇతరులకు కనబడకుండా దాచుకునే వెసులుబాటు ఇచ్చారు. ఆ చాటున ప్రభుత్వ భూములు చేతులు మారాయని తర్వాత వచ్చిన ప్రభుత్వం ఆరోపించింది. అరెకరం రైతు పక్క పొలం పహాణీ చూసుకోలేక తిరిగితే, వందల ఎకరాలవాడు దాగి ఉండటానికి అదే ఏర్పాటు పనికొచ్చిందన్నమాట. ఈ విషయంలో నా అభిప్రాయం నిక్కచ్చి. మనిషి సొంత ఖర్చు, సొంత పొదుపు కప్పి ఉండాలి. ప్రజల భూమి, ప్రజల నుంచి వసూలు చేసిన డబ్బు, ఎక్స్ఛేంజీ చేతిలోని ఖాతాదారుల నిల్వ తెరిచి ఉండాలి. మన దగ్గర సరిగ్గా తలకిందులుగా ఉంది. కొనుగోలుదారుడి ప్రతి వంద రూపాయల లెక్క పన్ను శాఖకు తెలుసు, అతని కాయిన్లు ఎక్స్ఛేంజీ ఏ వాలెట్‌లో పెట్టిందో అతనికే తెలియదు.

చట్టం ఇంతవరకు ఏం చేసింది? క్రిప్టో వ్యాపారులకు బ్యాంకు సేవలు ఆపేయమన్న రిజర్వ్ బ్యాంక్ 2018 ఏప్రిల్ ఉత్తర్వును సుప్రీంకోర్టు 2020 మార్చి 4న కొట్టేసింది. పన్ను వచ్చింది, నిఘా వచ్చింది. ఖాతాదారుడి హక్కు చెప్పే చట్టం మాత్రం పార్లమెంటు చేయలేదు. ఆ ఖాళీలో మద్రాసు హైకోర్టు 2025 అక్టోబర్ 25న ఒక అడుగు వేసింది. 1,98,516 రూపాయలతో 3,532 పైచిలుకు ఎక్స్‌ఆర్‌పీ కాయిన్లు వజీర్‌ఎక్స్‌లో కొన్న ఒక మహిళా ఖాతాదారు కేసులో, క్రిప్టో కాయిన్ ఆస్తి కిందికే వస్తుందని, దాన్ని ఒకరి కోసం ఇంకొకరు నమ్మకంగా పట్టి ఉంచవచ్చని చెప్పింది. పోయిన కాయిన్లు వేరే రకమైనప్పుడు ఆ నష్టాన్ని ఈమె మీద రుద్దడాన్ని ఒప్పుకోలేదు. రెండు లక్షల చిన్న మదుపరి వేసిన కేసు అది.

పార్లమెంటు చేయాల్సిన చట్టంలో కనీసం ఈ మాటలు ఉండాలి. ఖాతాదారుల కాయిన్లు వేరే వాలెట్‌లో ఉండాలి, వాటితో ఎక్స్ఛేంజీ ఓటేయకూడదు, చీలిక వస్తే కొత్త కాయిన్ ఎన్నాళ్లలో ఇస్తుందో ముందే రాసివ్వాలి, నిల్వల లెక్క బయటివాళ్లు తనిఖీ చేయాలి. అది వచ్చేలోగా, నల్లగొండలోనో పాలమూరులోనో కాయిన్ పేరుతో మీ దగ్గరికి ఎవరొచ్చినా, ఎంత దగ్గరి చుట్టమైనా, డబ్బిచ్చే ముందు ఒక్క పని చేయండి. ఆ గ్రూపులో నలుగురూ చూసేలా ఒక ప్రశ్న రాయండి: ‘ఈ కాయిన్ లెక్క బయట ఎక్కడ చూడొచ్చు, నాది నేను ఈ రోజే తీసుకుపోవచ్చా?’ మీ మెసేజ్ చెరిగిపోతే బయటికి వచ్చేయండి. ఇప్పటికే డబ్బు పోయి ఉంటే సిగ్గుపడి దాచకండి, 1930కి ఫోన్ చేసి ఫిర్యాదు చేయండి. ఎంత త్వరగా చేస్తే ఖాతాలు స్తంభింపజేయడానికి అంత వీలుంటుంది.